యమహా చప్పుడు

మూడో రోజు కూడా గూడెంలో నరమానవుడు లేడు. పొయ్యిల్లో నిప్పుంది, వాకిళ్లలో కోళ్లున్నాయి, మనుషులే లేరు. వెంకటకృష్ణ యమహాను వెనక్కి తిప్పుకొచ్చి, రోడ్డు మీద తన పాత సుజుకీకి ఆనుకుని నిలబడ్డ ముఠా మేస్త్రి పగిడయ్య మీద విరుచుకుపడ్డాడు.

చేలో పండిన మిర్చి రంగు తగ్గి తాలు కాయ అవుతోందని, ఒక్క వాన పడితే ఏడాది కష్టం మట్టిపాలేనని, కూలీలను ఇంకెవరి చేలకో పంపుతున్నావని దులిపేశాడు. నిన్న పక్క చేను రైతు ‘ఏం, ఇవాళా ఎవరూ రాలేదా’ అని నవ్వితే సిగ్గుతో మోటారు షెడ్డు చాటుకు తప్పుకున్న మనిషి మరి.

పగిడయ్య నేల చూపులు చూశాడు.

“నేను ఎవ్వలకు పంపలే సారు. మీరొకసారి బండి మార్చి చూడుండ్రి. నా సుజుకీ మీద పోండ్రి. యమహా నేను తెస్త, ఎనకాల.”

వెంకటకృష్ణకు నవ్వొచ్చింది. ఆ రెంటికీ పోలికేమైనా ఉందా? తన యమహా తండ్రి చెంచురామయ్య ముప్పై ఏళ్లు నడిపి, ఈ ఏడు మోకాళ్లు అరిగి మంచం పట్టాక కొడుకు చేతిలో పెట్టిన బండి. అద్దంలాంటి ట్యాంకు, చెయ్యి తిప్పగానే దూకుడు, మైలు దూరం వినిపించే చప్పుడు. సుజుకీ సీటేమో చిరిగింది. గొంతు పెగలని ముసలాయనలా గురగురమంటుంది. మైలేజీ బాగా ఇస్తుందన్నది మాత్రం ఒప్పుకోవాలి. అయినా తన గతి ఇంతకొచ్చిందా అనుకుంటూ, తెలిసినవాళ్లు చూస్తారేమోనని తల వంచుకునే ఎక్కాడు.

గూడెం నిండుగా ఉంది. ఇప్పపువ్వు ఆరబోస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డారు. పిల్లలు చుట్టూ మూగి హారన్ నొక్కారు. జంపక్క అనే ముసలామె బండిని గుర్తుపట్టి, మేస్త్రి చుట్టం కాబోలనుకుని చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. మూడు రోజులుగా వీళ్లనే సోమరిపోతులని తిట్టుకుంటున్నాడు. తానెవరో చెప్పకుండానే ఆ నీళ్లు తాగేశాడు.

అంతలో దూరంగా యమహా వినిపించింది.

ఆడవాళ్లు పువ్వు ఎక్కడిదక్కడ వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి పరుగెత్తారు. రెండు నిమిషాల్లో గూడెం ఖాళీ. వెంకటకృష్ణకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతకాలం తాను మురిసిపోయిన చప్పుడు ఇదే.

జంపక్క మాత్రం పరుగెత్తలేకపోయింది. అతని మణికట్టు పట్టుకుని గుడిసెలోకి లాగింది.

“జల్దీ లోపటికి రా బిడ్డా. యమహా దొర వస్తుండు, పనికి రానోళ్లను కట్టెతోని కొడ్తడు.”