మోటార్ల షాపులో పదింటి ప్రార్థన

"అమ్మా, ఇది చర్చివాళ్లు ఫోనులో ప్రార్థన చేసే లైన్ కాదు. మోటార్లు బాగుచేసే షాపు" అన్నాడు మెకానిక్, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. చేతులు రెండూ గ్రీజులో ఉన్నాయి.

"ఏదైతేనేం నాయనా. మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టు" అంది అవతలి ముసలావిడ.

"రాంగ్ నంబరమ్మా."

"రెండు మోకాళ్లూ కలిపే చెయ్యి, విడివిడిగా ఎందుకు?"

పెట్టేశాడు. మళ్లీ మోగింది. మూడోసారికి విసుగెత్తి, "ప్రభువా, ఈవిడ మోకాళ్ల సంగతి చూడు, నా పని నన్ను చేసుకోనివ్వు, ఆమెన్" అని గడగడా అనేశాడు. ముసలావిడ మహా సంతోషించింది. మర్నాడు సరిగ్గా పదింటికి మళ్లీ చేసింది.

అతనికి ప్రార్థన కొత్తేమీ కాదు, మానేసి తొమ్మిదేళ్లయింది. తను బాప్తిస్మం తీసుకునే రోజున చర్చిలో మునిగే నీళ్లతొట్టి కూడా తనే నింపుతానని ముచ్చటపడ్డాడు. నీళ్లు ఎక్కించే వాల్వు బదులు వదిలేసే వాల్వు తిప్పాడు. పాట పూర్తయ్యేసరికి తెల్లబట్టల్లో అతనూ, పాస్టరుగారూ ఖాళీ తొట్టిలో నిలబడి ఉన్నారు. సంఘమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఇరవై ఏళ్లుగా పంపులతోనే బతుకుతున్నవాడు వాల్వు పోల్చుకోలేకపోవడమేమిటి? దేవుడే తనను వద్దనుకున్నాడని, ఆ మాట అందరి ముందూ చెప్పాడని అతనికి రూఢి అయిపోయింది. అప్పటినుంచి చర్చి గడప తొక్కలేదు. భార్య ఒక్కతే వెళ్లి వచ్చేది.

ఈ ఫోన్ల గోల చెబితే ఆవిడ, "పాపం, పెద్దావిడ. రెండు మంచి మాటలు చెబితే మీ సొమ్మేం పోయింది?" అంది. మర్నాడు భోజనం డబ్బాతో పాటు బైబిలు కూడా సంచిలో పెట్టి పంపింది.

ముసలావిడ కోరికలకి అంతూ పొంతూ ఉండేది కాదు. పోయిన కట్టుడు పళ్లు దొరకాలి. పక్కింటి కుక్కకి తన మీద మంచి అభిప్రాయం కలగాలి. మెకానిక్ కళ్లు మూసుకుని అవన్నీ వరసపెట్టి విన్నవించేవాడు. పదింటికి షాపులో ఎవరున్నా నోరు మూసుకోక తప్పేది కాదు. బేకరీ యజమాని టోపీ తీసి చేత్తో పట్టుకునేవాడు. ఒకరోజు పళ్ల డాక్టరు తన కంప్రెసర్ మీద చెయ్యి వేసి, "పనిలో పనిగా దీనిక్కూడా ఒక మాట చెప్పండి" అన్నాడు.

"దానికి బేరింగ్ పోయింది డాక్టరుగారూ. అది మారిస్తేనే తిరుగుతుంది" అన్నాడు మెకానిక్.

రెండో వారంలో ముసలావిడ గొంతు మారింది. "నాయనా, దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడంటే ఇవాళ నమ్మబుద్ధి కావట్లేదు. కాస్త గట్టిగా చెప్పు."

మెకానిక్ చేస్తున్న పని ఆపాడు. తొమ్మిదేళ్లుగా తనను తొలుస్తున్నదీ అదే. నాకూ తెలియదమ్మా అందామనుకున్నాడు గానీ, ఆ ముసలి గొంతు విన్నాక మనసొప్పలేదు. గ్రీజు వేళ్లతోనే బైబిలు తిరగేశాడు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మందనంతా వదిలి వెళ్లిన కాపరి కథ దగ్గర ఆగాడు. తలెత్తితే బల్లమీద కాలిపోయిన మోటారు కనబడింది.

"అమ్మా, కాలిపోయిన మోటారు తెస్తే నేను పారేయను. మాడిన తీగంతా విప్పి కొత్త తీగ చుడతాను. బాగా తిరుగుతున్నవాటిని నేను ముట్టుకోను కూడా ముట్టుకోను. రోజంతా ఆ కాలినదానితోనే కూర్చుంటాను. గొర్రెల కాపరి కూడా అంతేనని ఇక్కడ రాసి ఉంది."

"అయితే నన్ను పారేయడంటావు."

"పారేయడు."

"మరి నిన్నో?"

"నన్నూ పారేయడనుకుంటా."

"అనుకుంటావా?" అంటూ పెట్టేసిందావిడ.

ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న. రోజుకో కొత్త జవాబు కోసం మెకానిక్ ఇంటి దగ్గర కూడా బైబిలు చదవడం మొదలుపెట్టాడు. మూడో నెలకి అతని మాటల్లోంచి 'అనుకుంటా' రాలిపోయింది. ఆ సంగతి గమనించిన రోజు అతనికి కళ్లనీళ్లు ఆగలేదు. పంపు కోసం వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ చేతిరుమాలు ఇచ్చి, ఏమీ అడగకుండా పంపు తీసుకుని వెళ్లిపోయింది.

కానీ ఆ వెంటనే భయం పట్టుకుంది. తనేమైనా ప్రార్థన లైనా? బాప్తిస్మమైనా పూర్తికానివాడు. నిజం తెలిస్తే ముసలావిడ విన్నవన్నీ ఉత్తమాటలే అనుకుంటుంది. తన మాట పట్టుకుని నిలబడ్డ మనిషి కూలబడిపోతుంది. ఫోనులో చెబుదామంటే వినే రకం కాదు. అసలువాళ్లకి అప్పగించడమే దారి అనుకుని, ఒకరోజు షాపు తెరవకుండా తొమ్మిదిన్నరకల్లా చర్చికి వెళ్లాడు. తొట్టి పక్కనుంచే నడిచాడు. ఈసారి తల దించుకోలేదు.

"ప్రార్థన లైనా? ఆ చివరి గది. మెల్లగా వెళ్లండి, ఫోను నడుస్తుంటుంది" అన్నాడు తోటమాలి.

గదిలో ఒక పెద్దావిడ గుమ్మానికి వీపు పెట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, పలకకుండా వింటోంది. మెకానిక్ గుండె చిక్కబట్టుకుని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"అమ్మా, మీకు రావలసిన ఫోన్లు మూడు నెలలుగా నాకొస్తున్నాయి. ఒక ముసలావిడ. ఆవిడ విశ్వాసం మరీ బలహీనం. నాకు చేతకాని పని నెత్తినేసుకున్నాను, తప్పే. కానీ చెప్పినవన్నీ నిజాలేనని ఆవిడకి మీరు చెప్పాలి. దేవుడు ఆవిడని ప్రేమిస్తున్నాడు. నన్ను కూడా. అది మాత్రం నాకు బాగా తెలుసు."

పెద్దావిడ ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, ఇటు తిరిగి, మూడు నెలలుగా అతని చెవిలో మోగుతున్న ఆ గొంతుతోనే అంది:

"కాస్త ఆగు మోటార్ల నాయనా, అవతల నీలాగే చర్చి మానేసిన సెలూన్ నాయన నా కోసం ప్రార్థన చేస్తున్నాడు."