లారీ కడుపునొప్పి

బలసముద్రం దాటి సోలార్ పలకల మధ్య రోడ్డెక్కిందో లేదో, మారప్ప లారీ రెండుసార్లు దగ్గి, ఒళ్లంతా వణికి, ఆగిపోయింది. వెనక గొర్రెలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అరిచాయి. వాటికంటే గట్టిగా, క్యాబిన్‌లో మారప్ప పక్కన కూర్చున్న నల్లప్ప అరిచాడు. గొర్రెలు అతనివి మరి.

"మళ్లీ పండుకునిందా నీ పట్టపుటేనుగు?"

"రవ్వంతసేపప్పా. ఊపిరి పీల్చుకుంటా ఉండాది."

"నాకు వారం వారం బెంగళూరుకి గొర్రెలు తోలే బండి కావల్ల మారన్నా. ఊపిరి పీల్చుకునే బండి కాదు. సంత మొదలయ్యే లోపల ఇది పావగడ చేరిందా, బెంగళూరు బాడుగ నీదే. లేదంటే హొసకోట నుంచి వ్యాన్ పిలిపిస్తా."

మారప్ప పొలమంతా సోలార్ పలకల కిందికి పోయింది. కౌలు డబ్బు కూర్చోబెట్టి తిండి పెడుతోంది, కాదనడు. కానీ మంద వెనక కొండలు తిరిగిన కాళ్లు అరుగు మీద ఊరుకుంటాయా? ఆ కాళ్ల కోసమే ఈ పాత లారీ కొన్నాడు. బెంగళూరు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోవాలని అతని ఆశ. ఇప్పటిదాకా లారీ మాత్రం ఊరి చుట్టుపక్కలే తచ్చాడుతోంది.

ఫోన్ చేయగానే మెకానిక్ దాసన్న బైకు మీద వచ్చాడు. ఈ లారీని కుశలప్రశ్నలు అడిగేంత చనువు అతనికి ఎప్పుడో ఏర్పడింది.

"ఈపొద్దు ఏమొచ్చెనే తల్లీ?" అంటూ బానెట్ మీద తట్టాడు.

"ఎప్పటి జబ్బే. ఇంటికాడ బంగారం మాదిరి స్టార్ట్ అయితాది. రవ్వంత దూరం పోతే ఆగిపోతాది. కాసేపు వదిలేస్తే మళ్లా లేస్తాది."

"ఫిల్టర్ పోయిన తూరే మార్చినా. పంపు బాగుండాది. డీజిల్ పైపులో గాలి పట్టిందేమో చూస్తా ఉండు."

దాసన్న గాలి తీశాడు. లారీ లేచింది. నల్లప్ప మొహం విప్పారింది. లారీ మళ్లీ దగ్గి కూర్చుంది. నల్లప్ప మొహం ముడుచుకుంది. వ్యాన్ వాడి నంబర్ కోసం ఫోన్ తీశాడు.

అంతలో మారప్ప భార్య హొన్నూరమ్మ క్యారియర్ పట్టుకుని తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది.

"ఆకలేస్తాదని రాగి ముద్ద తెచ్చినా. చెనక్కాయల చట్నీ కూడా ఉండాది. దాసన్నా, నువ్వూ రా, రెండు ముద్దలు తిందువుగాని."

"నా బతుకు ఈడ రోడ్డున పడుంటే ముద్ద తినాల్నా మే?" అని విసుక్కున్నాడు మారప్ప. విసుక్కుంటూనే క్యారియర్ అందుకున్నాడు.

దాసన్న మాత్రం తిండి వైపు చూడలేదు. ఫిల్టర్ దగ్గర డీజిల్ పైపు ఊడదీసి నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి పోలేదు. బుగ్గలు ఉబ్బించి మళ్లీ ఊదాడు. డీజిల్ ట్యాంకులో ఒక్కసారిగా బుడబుడమంది.

"దొరికింది!" అని ఎగిరాడు. "ట్యాంకులో ఏందో ఉండాది మారన్నా. బండి నడిచేటప్పుడు డీజిల్‌తోపాటు వచ్చి పైపు నోటికి అతుక్కుంటాది. నిలబడితే జారి కింద పడ్తాది. అదీ కథ."

వైరు ముక్క కొస వంచి ట్యాంకులో దించి చాలాసేపు కెలికాడు. చివరికి కొక్కేనికి ఒక గుడ్డ మూట తగులుకుని వచ్చింది. ఒకప్పుడు పసుపు గుడ్డే అయి ఉంటుంది. ముడి విప్పితే లోపల రూపాయి బిళ్ల.

"ముడుపు!" అన్నాడు నల్లప్ప, ఫోన్ చెవి దగ్గర పెట్టుకోబోతూ.

ముగ్గురూ హొన్నూరమ్మ వైపు తిరిగారు. ఆమె కొంగు సర్దుకుంది.

"ఏమ్మే, నీ పనేనా?"

"గొర్రెల కోసం మొక్కుకుంటే ముడుపు దొడ్డి గుంజకి కడ్తాము. లారీకి గుంజ యాడుండాది? కడుపులో ఏసినా."

దాసన్న నవ్వు ఆపుకోలేక రోడ్డు మీదే చతికిలబడ్డాడు. కోపంగా ఉన్న నల్లప్ప కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. మారప్ప కేకలేద్దామని నోరు తెరిచాడు, కానీ కోపం రాలేదు. కొన్న రోజు దీన్ని పాత ఇనప సామానోళ్లకి అమ్మేయమన్న మనిషి, ఇదే లారీకి ఎవరికీ తెలియకుండా ముడుపు కట్టింది! అతనికి కళ్లు చెమర్చాయి. పిచ్చిది, బండి ఆగకూడదని మొక్కి ఆ మొక్కుతోనే బండిని ఆపేసింది అనుకున్నాడు. ఎంత పొరపాటు చేసినా ముద్దుగానే అనిపించింది.

దాసన్న పైపు బిగించి తాళం తిప్పాడు. లారీ గర్జించింది. ఎంత రేజ్ చేసినా, ఎంతసేపు వదిలినా దగ్గలేదు, వణకలేదు.

"ఎక్కు మారన్నా, సంత అందుకుందాం. బెంగళూరు బాడుగ నీదే పో," అన్నాడు నల్లప్ప.

మారప్ప సంబరంగా ఎక్కి స్టీరింగ్ పట్టుకున్నాడు. చూస్తే, ఆ పక్క తలుపు తీసి హొన్నూరమ్మ కూడా ఎక్కేసింది. రూపాయి బిళ్లను కొంగుతో తుడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"నువ్వు యాడికే?"

"పావగడ గుడికాడ దించు. మొక్కు తీరింది. ముడుపు చెల్లించల్ల."

మారప్ప నవ్వాడు. "లారీ ఇప్పుడే కదమ్మే బాగయింది! బెంగళూరుకి పోయిరానీ. అప్పుడు కదా మొక్కు తీరినట్టు?"

"లారీ తిరగల్లని ఎవురు మొక్కినారు? నువ్వు యాడికీ పోకుండా, పొద్దుగూకేతలికి ఇంట్లో కూచోని నా చేతి ముద్ద తినల్లని మొక్కినా. లారీ కొన్నప్పట్నుంచి ఒక్క పూటన్నా తప్పిందా?"