ఎవరి ఫాదరండీ మీరు?

కాలిఫోర్నియా శాన్ రామన్‌లో ఇండియన్ గ్రోసరీ గుమ్మం పక్కన, కాగితాలు పెట్టిన రాత అట్ట చేత్తో పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

“ఒక్క సంతకం పెడతారా అమ్మా? ఫోన్లో బ్యాటరీ ఎవరికి వాళ్లే మార్చుకునేలా చట్టం రావాలని అడుగుతున్నాం.”

హిమబిందు ఆయన్ని ఎగాదిగా చూసింది. వెలిసిపోయిన స్వెట్టర్. చెవుల మీదికి ఉన్ని టోపీ.

ఆరు నెలలకని పిల్లల దగ్గరికొచ్చి, ఇంట్లో పొద్దుపోక రోడ్డు మీద నిలబడే బాపతు.

“ఎవరి ఫాదరండీ మీరు?”

“మా అమ్మాయి ఫాదర్‌ని,” నవ్వాడాయన.

“విజిటర్ వీసా మీద ఇలాంటి పనులు పెట్టుకోకండి అంకుల్. రేపు ఆ అమ్మాయికి ప్రాబ్లమ్.”

ఆయన చూపు ఆమె చేతిలోని ఫోన్ మీద పడింది. వెనక మూత పైకి లేచి ఉంది.

“బ్యాటరీ ఉబ్బిందమ్మా. ఛార్జింగ్ పెట్టకండి. కాసేపు కూర్చుంటే ఇక్కడే తీసి పెడతాను.”

“మీరా!”

ఆ ఫోన్లో కొడుకు ఆరుష్ తొలి మాట ఉంది. మూడున్నరేళ్లు నోరు విప్పని పిల్లాడు ఒక ఉదయం పళ్లెం చాపి “ఇంకో దోశ” అన్నాడు. ఆ వీడియో మరెక్కడా లేదు. క్లౌడ్ నిండిపోయిందని ఫోన్ నెలల తరబడి మొత్తుకుంటున్నా ఆమె పట్టించుకోలేదు.

అలాంటి ఫోన్‌ని ఈ ముసలాయన చేతిలో పెడుతుందా?

“ఇది ట్రాన్సిస్టర్ రేడియో కాదంకుల్. దీనికి ట్రెయినింగ్ అయినవాళ్లు ఉంటారు. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి.”

“సరేనమ్మా. ఎక్కడిచ్చినా, స్క్రీన్ వైపు నుంచి మాత్రం తెరవనివ్వకండి.”

“వాళ్లకి మీరు చెప్పాలా?”

నేరుగా మాల్‌లోని రిపేర్ షాప్‌కి వెళ్లింది. నల్ల యూనిఫామ్, తెల్ల గ్లవ్స్, ఏసీ చల్లదనం. ప్రాణం లేచొచ్చింది. ఐదు పేజీల ఫారమ్ మీద, ఒక్క ముక్క చదవకుండా, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

గంట తర్వాత ఫోన్ ప్లాస్టిక్ సంచిలో వచ్చింది.

“సారీ మేడమ్. స్క్రీన్ తీసి బ్యాటరీ లాగాం. జిగురు గట్టిగా పట్టేసింది. పక్కనున్న బోర్డ్ విరిగింది.”

“మరి నా వీడియోలు?”

“డేటా పోతే మా బాధ్యత కాదని సంతకం చేశారుగా.”

మర్నాడే ఆ సంచి పట్టుకుని గ్రోసరీకి పరుగెత్తింది. గుమ్మం పక్కన ఆ అట్టతో ఇప్పుడు ఒక కాలేజీ అమ్మాయి ఉంది. మెడలో ట్యాగ్ మీద ఆద్య అని పేరు.

“నిన్న ఇక్కడున్న పెద్దాయన ఏరి?”

“సూర్య అంకులా? సాక్రమెంటో వెళ్లారు ఆంటీ, స్టేట్ అసెంబ్లీకి. ఈ లా గురించి రేపు హియరింగ్.”

ఆద్య సంచిలోకి చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

“ఓ నో. ఫ్రంట్ నుంచి ఓపెన్ చేశారా? ఇంక అంకుల్ కూడా ఏం చెయ్యలేరు.”

ఆ మాటకి హిమబిందుకి ఒళ్లు మండింది.

“షాపువాళ్ల వల్లే కాలేదు, ఆయన వల్ల అయ్యేదా? అసలు ఆయనకేం తెలుసని హియరింగ్‌కి పిలిచారు?”

ఆద్య వింతగా చూసింది.

“ఈ ఫోన్‌లో బ్యాటరీ ఎవరూ తియ్యకుండా ఆ గ్లూ డిజైన్ చేసింది అంకులే కదా ఆంటీ, రేపు అక్కడ అది తన తప్పే అని చెప్తారు.”