రైతింటి టీ

"అయ్యా, ముందా షవరు కట్టేయమనండి!" నెరిడా స్నానాలగది తలుపు దబదబా బాదింది.

తలుపుకి అడ్డంగా మంత్రిగారి కార్యదర్శి ట్రిస్టన్ నిలబడ్డాడు.

"మేడమ్, లోపలున్నది మంత్రి హార్క్‌నెస్‌గారు. సిడ్నీ నుంచి పనిగట్టుకుని మీ కరువు చూడటానికొచ్చారు. దారి పొడుగునా ఎర్రదుమ్ము. కాసేపట్లో టీవీలో లైవు. ఆ మొహంతో కనబడమంటారా?"

"మొహం కడుక్కోమన్నాను. దానికి చెంబుడు నీళ్ళు చాలు. ఇదేం స్నానమండీ, పెళ్ళికొడుకు స్నానంలా!"

"సబ్బు కూడా ఆయనదే తెచ్చుకున్నారు మేడమ్. మీకు పైసా ఖర్చు లేదు."

లోపల మంత్రిగారు పాటందుకున్నారు. అదీ వాన పాట. సిగ్గులేకపోతే సరి!

పెరట్లో నెరిడా మామగారు క్లారీ రేకుల టాంకుని వేళ్ళతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వస్తున్నాడు. నీళ్ళున్నచోట రేకు మొద్దుగా పలుకుతుంది, లేనిచోట డొల్లగా మోగుతుంది. పొద్దున మోకాలెత్తు దగ్గర మొద్దుగా పలికింది. ఇప్పుడు ముసలాయన వంగి తట్టాడు, గొంతుక్కూర్చుని తట్టాడు, చివరికి నేలమీద పడుకుని అడుగు రేకుకి చెవి ఆనించాడు.

"అమ్మాయ్! మొత్తం డొల్లే!" అని అరిచాడు.

నీళ్ళ లారీ రావాలంటే వచ్చే శుక్రవారం. అందాకా ఆ ఇంటికి ఆ టాంకే దిక్కు. మొగుడేమో మిగిలిన గొర్రెల్ని రోడ్డు పక్క గడ్డి వెతుక్కుంటూ ఎటో తోలుకుపోయాడు. ఇంట్లో ఉన్నది గుండెజబ్బు ముసలాయన, తను, ఓ కుక్క. నెరిడాకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అంతలో లోపల్నుంచి కేక. "ట్రిస్టన్! నీళ్ళాగిపోయాయి! కళ్ళల్లో సబ్బు!"

"దాన్నే కరువంటారు సార్. చూడటానికొచ్చారుగా, చూడండి" అంది నెరిడా.

"ఈ టబ్బొకటి కాళ్ళకింద! జారి పడేవాణ్ణి!"

"దాన్ని కదపకండి! ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా షవరు కింద టబ్బుంటుంది. ఆ నీళ్ళు కుక్కకీ నిమ్మచెట్టుకీ పోస్తాం."

"స్నానం చేసిన నీళ్ళా? ఛీ!" ట్రిస్టన్ ముక్కు మూసుకున్నాడు.

క్లారీ ఆయాసపడుతూ లోపలికొచ్చి మాత్రల డబ్బా తీశాడు. నెరిడా గొంతు తగ్గించింది. "బాబూ, మీ కారులో నీళ్ళ సీసాల పెట్టె చూశాను. ఒక్కటివ్వండి. ఈయన మాత్ర వేసుకోవాలి."

"సారీ మేడమ్. అవి మంత్రిగారి కోసం ప్రత్యేకంగా తెప్పించినవి. ఈ ఊరి నీళ్ళు ఆయనకి పడవు."

క్లారీ మాత్ర నోట్లో వేసుకుని ఉమ్మితోనే మింగాడు. గొంతులో అడ్డంపడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోడలి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

మంత్రిగారు మిగిలిన సబ్బు తువ్వాలుతో తుడుచుకుని నిగనిగలాడుతూ బయటికొచ్చారు. ఆయన కొత్త టోపీ మరీ కొత్తగా ఉందని ట్రిస్టన్ గుప్పెడు ఎర్రమట్టి తెచ్చి దానికి పులిమాడు. బూట్లకి కూడా పూశాడు. దుమ్ము వదిలించుకోవడానికి టాంకు ఖాళీ చేసిన మనిషి, ఇప్పుడు ఆ దుమ్మే పూయించుకుని వరండాలో కూర్చున్నాడు!

ఎదురుగా టీవీవాళ్ళ కెమెరా వెలిగింది.

"సోదరులారా! మీ కష్టం నా కష్టం. నేనూ మీలో ఒకణ్ణే. రైతు ఏ నీళ్ళు తాగితే నేనూ ఆ నీళ్ళే తాగుతాను!" మంత్రిగారు గుండెమీద చెయ్యి వేసుకున్నారు.

ట్రిస్టన్ నెరిడా చెవిలో గుసగుసలాడాడు. "టీ! టీ తెండి మేడమ్. రైతింట్లో టీ తాగితేనే సీను పండుతుంది."

"ఏ నీళ్ళతో పెట్టమంటారు?"

"అది మీ ఇష్టం. త్వరగా!"

నెరిడా ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత లోపలికెళ్ళింది. డికాక్షన్ నల్లగా మరగబెట్టింది. చక్కెర గుప్పిళ్ళతో వేసింది.

"నాకూ ఓ కప్పమ్మా" అన్నాడు క్లారీ.

"మీకొద్దు మావయ్యా. ఇది గొప్పవాళ్ళ టీ."

వరండా మెట్ల దగ్గర కుక్క ఖాళీ గిన్నె ముందు కూర్చుని, ఆమె చేతిలోని కప్పుకేసి ఆశగా చూసింది.

మంత్రిగారు ఓ గుక్క తాగి తల ఊపారు. కెమెరా దగ్గరికి జరిగేసరికి ఇంకో రెండు గుక్కలు తాగారు.

"ఆహా! పట్నంలో ఎన్ని హోటళ్ళు తిరిగినా ఈ రుచి రాదు. పైన ఆ నురగ చూడండి! నిప్పుల్లాంటి ఎండలోనూ అతిథిని ఇంత మర్యాదగా చూస్తారు మన రైతులు. అమ్మా, ఈ టీకి ఏదో పరిమళం ఉంది. లావెండరులా గుబాళిస్తోంది. ఏం కలిపావు? దేశమంతా వింటోంది, చెప్పు తల్లీ!"

నెరిడా నడుముకి కట్టుకున్న వంటగుడ్డకి చేతులు తుడుచుకుని కెమెరాకేసి తిరిగింది.

"నేనేం కలపలేదు సార్. టాంకంతా తమరే ఒంపేశారు, మీ సీసాలు మాకివ్వలేదు. ఇంట్లో మిగిలినవి ఆ టబ్బులో నీళ్ళే. వాసనంటారా, అది తమరి సబ్బుదే."