సున్నం కొట్టిన విమానం

"తెల్ల విమానాన్ని ఎండలో తీసేటప్పుడు వెలుతురు తగ్గించమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా, లేదా?" ఫొటోగ్రఫీ మాస్టారు కెమెరా తెర మీద వేలితో కొట్టారు. "విమానం ఏదమ్మా ఇందులో? సున్నం కొట్టిన గోడలా ఉంది!"

"తగ్గించి కూడా తీశానండీ," అంది శిష్యురాలు, తలలో సగం నెరిసినావిడ. "తోక మీది అక్షరాలతో సహా భేషుగ్గా వచ్చింది. కానీ ముందు అద్దం వెనక అంతా చీకటి. అందుకే ఇది కావాలనే పెంచి తీశాను."

మాస్టారు విసుగ్గా ఫొటోను పెద్దది చేశారు. అద్దం వెనక పైలట్ టోపీలో ఒక అమ్మాయి చెయ్యి ఊపుతోంది.

"మా చిన్నదండీ. ప్రయాణికులతో నడపడం ఇవాళే మొదలు."

మాస్టారు మళ్ళీ తెర మీదికి వంగారు.

"ఇంకాస్త పెంచాల్సిందమ్మా," అన్నారు. "నవ్వు సరిగ్గా కనబడట్లేదు."