బెల్లం మరిచిన విద్య

“ఒక్కసారి కూడా ముందుగా లాగలేదా?” శ్రీకరి మళ్లీ అడిగింది.

“లేదమ్మా,” అన్నాడు తులసీరాం. “మూణ్ణెల్లుగా ఇదే వరస. నేను పడినంకే వస్తాది.”

శ్రీకరి కాగితం మీద రాసుకుంది. తిరుపతిలోని కుక్కల శిక్షణ కేంద్రంలో ఆమె చేరి నెల కూడా కాలేదు. మూర్ఛ ఉన్నవాళ్లకు తోడుగా ఉండే కుక్కలను అక్కడ తయారుచేస్తారు. ఫిట్స్ రాబోతున్నాయని కుక్క ముందే పసిగట్టి, మనిషి బట్ట అంచు పట్టుకుని లాగాలి. అప్పుడా మనిషి దెబ్బ తగలని చోట కూర్చుంటాడు. తులసీరాం ఉండే నగరిలో మరమగ్గాల చప్పుడుకు అరుపు వినబడదని, ఈ కుక్కకు అరవడం మాన్పించి లాగడం నేర్పారు.

కుక్క బెల్లం రంగులో ఉంటుంది. పేరూ బెల్లమే. నాలుగేళ్లది. గడప దగ్గర ముందుకాళ్ల మీద తల పెట్టుకుని పడుకుంది. పక్కన గిన్నెలో పెరుగన్నం పొద్దున్నుంచి అట్లాగే ఉంది.

“తినదా ఆంటీ?”

“పని సేస్తేగానీ తినదు,” అంది అతని భార్య నాగరత్నమ్మ, మగ్గం మీద తెగిన దారం ముడివేస్తూ. “దీనికుండే రోషం ఈ ఇంట్లో మనుసులకు లేదు.”

“నన్నేనా అనేది?” అన్నాడు తులసీరాం.

“మల్ల కుక్కనంటానా?”

శ్రీకరి నవ్వింది. కానీ వచ్చిన పని నవ్వే పని కాదు. గూడూరులో నారాయణి అనే తొమ్మిదేళ్ల పాప రెండేళ్లుగా కుక్క కోసం ఎదురుచూస్తోంది. కేంద్రంలో ఇవ్వడానికి ఒక్కటీ లేదు. ఇచ్చిన ఇంట్లో అవసరం తీరిపోయి ఉంటే కుక్కను వెనక్కి తెచ్చి ఆ పాపకివ్వాలి. అవసరం ఉంటే ఉన్నచోటే ఉంచాలి.

“అవసరం ఉండాదమ్మా. సాయంత్రం దాకా ఉండి నీ కండ్లతోనే సూడు,” అన్నాడు తులసీరాం. అతని చెయ్యి కుక్క మెడ మీదే ఉంది.

శ్రీకరి ఫైలు తిప్పింది. తనకు ముందు పనిచేసిన యోగానంద సార్ రాసిన ఫైలు అది. రోగి పేరు తులసీరాం. వృత్తి నేత. మొదటి ఏడాది ఇరవై మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఇరవై మూడుసార్లూ బెల్లం ముందే లాగింది. తులసీరాం చెప్పినదాన్ని బట్టి ఈ మూడు నెలల్లో రోజూ ఫిట్స్. బెల్లం లాగింది సున్నా.

ఆరింటికి మగ్గాలు ఆగాయి. చెవుల దిబ్బడ వదిలినట్టు వీధంతా నిశ్శబ్దమైంది. నాగరత్నమ్మ చాప పరిచి పక్కకు జరిగింది. టీ గ్లాసు కింద పెట్టి లేచిన తులసీరాం రెండడుగులు వేసి ఒరిగిపోయాడు.

కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. శ్రీకరి ఫోనులో టైము చూసుకుంది.

బెల్లం ఒక్క దూకున వచ్చింది. అతని తల కిందికి తన ఒళ్లు దూర్చింది. చెంపలు నాకింది. లేచి, గోడ మేకుకు తగిలించిన సంచి కరిచి తెచ్చి అతని చేతిలో పెట్టింది. నాగరత్నమ్మను చెంగు పట్టి లాక్కొచ్చింది. దాని తోక ఒక్క క్షణం ఆగలేదు.

ఒకటిన్నర నిమిషానికి తులసీరాం లేచి కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“బాగ సేసినావు తల్లీ. పో, తిను.”

బెల్లం గిన్నె మీద పడింది. అడుగు నాకేదాకా తల ఎత్తలేదు. ఆలుమగలిద్దరూ అది తినడమే చూస్తూ ఉండిపోయారు.

శ్రీకరి సంచి చేతిలోకి తీసుకుంది. గులాబీ రంగు గుడ్డ మీద చిన్న చిన్న అద్దాలు కుట్టి ఉన్నాయి.

“ఇది మీదేనా అంకుల్?” అంది నవ్వుతూ.

తులసీరాం నవ్వలేదు.

లోపల మాత్రల అట్ట ఉంది. ఒక్క మాత్రా తీయలేదు.

“మాత్రలు వేసుకోరా?”

“సెప్తే యాడ ఇంటాడమ్మా!” అని నాగరత్నమ్మ మొగం తిప్పుకుంది.

శ్రీకరికి దిగులేసింది. కుక్కల్ని ముట్టుకునే ఉద్యోగమని, దేవస్థానంలో పనిచేసే వాళ్ల నాన్న ఆమెను రోజూ పెరటి దారినే ఇంట్లోకి రానిస్తాడు. తానేమో ఆ కుక్కల గురించి రాత్రి భోజనాల దగ్గర గొప్పలు చెబుతుంది. ఈ రోజు చెప్పడానికి ఏమీ లేదు. “ముందుగా గుర్తించే శక్తి పోయింది. మరొకరికి ఇవ్వడానికి పనికిరాదు,” అని రాసి సంతకం పెట్టింది.

“ఇది ఇంక మీ దగ్గరే ఉంటుంది అంకుల్.”

తులసీరాం రెండు చేతులూ జోడించాడు.

శ్రీకరి వీధిలోకి వచ్చి గూడూరుకు ఫోన్ చేసింది.

“శకుంతలమ్మ గారా? లేదండీ, ఈ కుక్క పనికిరాదు... ఏంటి, పాప మళ్లీ పడిందా? బడి మెట్ల మీదా? ఎన్ని కుట్లు?... ఏడవకండి. ఇంకోటి ఎప్పటికి తయారవుతుందో నేను చెప్పలేనండీ.”

ఫోను పెట్టేసి తిరిగేసరికి వెనక నాగరత్నమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో బెల్లం తాడు, ఇంకో చేతిలో ఆ సంచి. లోపల చాప మీద తులసీరాం తల వంచుకుని కూర్చున్నాడు.

“ఆ రాసింది కొట్టేయమ్మా,” అంది నాగరత్నమ్మ. “దీని విద్య యాడికీ పోలేదు. ఆ పాపకు తీసకపో.”

“మరి అంకుల్ పడేముందు ఎందుకు లాగలేదు?”

నాగరత్నమ్మ తాడు తెచ్చి శ్రీకరి చేతిలో పెట్టింది.

“ఫిట్స్ మా భువనేశ్వరికమ్మా, పెండ్లి కావాల్సిన పిల్ల కదా అని కాగితాల్లో వాళ్ల నాయన పేరు రాయించినాము, బిడ్డ సచ్చిపోయినకాడ్నించి ఈయనట్ల పడి కొట్టుకుంటేగానీ ఇది మెతుకు ముట్టదు.”