దీవించిన ద్రాక్షగుత్తి

బుర్జ్ హమ్మూద్ పేటలో, పట్టపగలు, ఓ పరాయి ఆవిడ కుక్క నోరు తెరిచి లోపలున్న తోలుముక్క లాగేసింది.

చెప్పుల కొట్టు వార్ట్‌కెస్ ఒంటికాలి మీద లేచాడు.

"ఏమ్మా! కుక్క నాది, తోలు నాది. మధ్యలో మీకేంటి?"

"మందుల్లో ఊరబెట్టి రంగేసిన తోలిది. మీరు నములుతారా?"

"నేనెందుకు నములుతాను?"

"మరి దాని నోట్లో ఎందుకు పెట్టారు?"

ఆవిడ తోలుముక్కని కాలువలోకి విసిరేసింది. సంచిలోంచి ఎండబెట్టిన చిలగడదుంప ముక్క తీసి, బొటనవేలి గోరు గుచ్చి చూసి, అప్పుడు కుక్కకిచ్చింది.

"నమలడానికి ఏది పెట్టినా ముందు గోరు గుచ్చి చూడండి. గోరు దిగకపోతే పెట్టొద్దు, పళ్ళు విరుగుతాయి."

చిత్రమేమిటంటే, ఎవర్నీ దగ్గరికి రానివ్వని ఆ కుక్క ఆవిడ చేతికి బుద్ధిగా నోరప్పగించింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆవిడ తయారు!

కాల్చిన కోడి ఎముక కనిపిస్తే లాగేసేది. "కాలిన ఎముక చీలికలై పేగుల్లో దిగుతుంది. పచ్చి క్యారెట్ పెట్టండి, హాయిగా నములుతుంది."

వీధివాళ్ళు 'గోరు మేడమ్' అని పేరు పెట్టి నవ్వారు. ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు.

వార్ట్‌కెస్ తల్లి జరూహి మాత్రం నవ్వలేదు. ఒకరోజు నిలబెట్టి కడిగేసింది.

"ఓడరేవు పేలిన సాయంత్రం మా ఆయన పోయాడు. ఆ సాయంత్రమే ఈ కుక్క, మా బస్తుర్మా, ఒళ్ళంతా గాజుముక్కలతో మా గుమ్మంలోకి వచ్చింది. అది తింటేనే నేను తిన్నాను. ఇది లేకపోతే నేనూ లేను. నాకు నేర్పడానికి వచ్చావా?"

గోరు మేడమ్ కుక్క తల ఒకసారి నిమిరింది. తలొంచుకుని వెళ్ళిపోయింది. అయినా మళ్ళీ ఆదివారం వచ్చేసింది, మొండి మనిషి!

ఆగస్టులో ద్రాక్ష దీవెన రోజు వచ్చింది. చర్చిలో దీవెన పడేదాకా ఆ వీధిలో ఎవరూ ద్రాక్ష ముట్టరు. పడ్డాక ఇంట్లో ప్రాణమున్న ప్రతివారికీ ఒక పండైనా అందాలి. భర్త పోయాక రెండేళ్ళు జరూహి ఆ గుత్తి ఇంటికి తేలేదు. ఈ ఏడు తెచ్చింది. మొదటి పండు బస్తుర్మాకే చాపింది.

గోరు మేడమ్ పరుగెత్తుకొచ్చి చెయ్యి తోసేసింది. గుత్తి దుమ్ములో పడింది.

వీధి వీధంతా అయ్యో అంది.

"కుక్కకి ద్రాక్ష విషం! మూత్రపిండాలు పోతాయి!"

"ఫాదర్ దీవించిన పండు విషమా? కళ్ళు పోతాయే నీకు!" అంటూ జరూహి దుమ్ములోంచి గుత్తి తీసింది.

"దీవెన మీది. మూత్రపిండాలు దానివి."

"అమ్మనే అంటారా? ఇంకోసారి ఈ వీధిలో కనిపించారో..." అంటూ వార్ట్‌కెస్ అడ్డమొచ్చాడు.

"కనిపించను. ఇదే ఆఖరు. ఈ ఒక్క మాట వినండి, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

వార్ట్‌కెస్ ఆవిడ భుజం పట్టి వీధి మలుపు దాటించాడు. ఆవిడ మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉంది.

"ఎవరాపుతారో నేనూ చూస్తా!" అంటూ జరూహి గుత్తి కడిగి, ఒక్కొక్క పండే తుంచి, మొత్తం కుక్కకి తినిపించింది.

సాయంత్రానికి బస్తుర్మా వాంతులు చేసుకుంది. నిలబడబోయి కూలబడింది.

ఆదివారం. ఏ పశువుల క్లినిక్‌కి వెళ్ళినా తాళమే. వార్ట్‌కెస్ కుక్కని ఎత్తుకున్నాడు, జరూహి చెప్పుల్లేకుండా వెంట పరుగెత్తింది. నది వంతెన దాటాక, గెయితావి పేటలో ఒకే ఒక్క తలుపు తెరిచి ఉంది.

లోపల సెలైన్ సీసా అప్పటికే వేలాడుతోంది.

"ద్రాక్షేనా?" అన్నాడు డాక్టర్ గస్సాన్, వాళ్ళు నోరు తెరవకముందే.

"మీకెలా తెలుసండీ?"

"మధ్యాహ్నం ఇల్హామ్ మేడమ్ వచ్చారు. అదే, దేన్ని చూసినా గోరు గుచ్చే ఆవిడ. 'బుర్జ్ హమ్మూద్ నుంచి కుక్క వస్తుంది, కదిలావో ఊరుకోను' అని నా తాళాలు గుంజుకుని బల్ల మీద పడేశారు. ముందు దాన్ని ఇలా పడుకోబెట్టండి."

చాలాసేపటికి డాక్టర్ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"రెండు రోజులు ఇక్కడే ఉండాలి. బతుకుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు."

జరూహి గోడకానుకుని ఏడ్చేసింది. సిగ్గుతో, సంతోషంతో, రెండిటితోనూ ఏడ్చింది.

"ఆ తల్లి ఎక్కడుంటుంది నాయనా? ఇప్పుడే వెళ్ళి క్షమించమంటాను."

"సాయంత్రం విమానంలో దేశం దాటి మార్సెయ్ వెళ్ళిపోయారమ్మా, చెల్లెలి దగ్గరికి. ఇక తిరిగి రారు. కుక్క కాగితాలు మీకిమ్మన్నారు."

"దీనికి కాగితాలెక్కడివి? అది మాకు గుమ్మంలో దొరికింది."

డాక్టర్ ఓ పాత టీకాల పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు. కుక్క పుట్టిన నాటి నుంచి ఓడరేవు పేలిన వేసవి దాకా ముద్రలే ముద్రలు.

జరూహి మొదటి పేజీ తిప్పింది. 'యజమాని' అన్నచోట ఇల్హామ్ అన్న పేరు కొట్టేసి, కింద కొత్త సిరాతో 'చెప్పుల కొట్టు అమ్మ' అని రాసి ఉంది.